నూనెకు పుట్టిల్లు ఏది?

కేంద్ర వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వ శాఖ అధికారులకు,
సాఫ్టా (దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం) సమావేశాల్లో మన దేశం తరఫున కూర్చునే ప్రతినిధులకు,
ఉభయ గోదావరి జిల్లాల పార్లమెంటు సభ్యులకు,

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను పాత పశ్చిమ గోదావరి జిల్లా రైతును. ఏలూరు కాలువకు దిగువన రెండెకరాల వరి, ఎగువన మెట్టలో నాలుగెకరాల పామాయిల్ తోట ఉన్నాయి. మా కాలువ గట్టు మీద నిలబడితే ఒక పక్క డెల్టా, ఇంకో పక్క మెట్ట. రెండు పక్కలా నాకు బాకీలున్నాయి. మీకు పని ఒత్తిడి ఎక్కువని తెలుసు కాబట్టి మర్యాద మాటలు ఇంతటితో ఆపి అసలు సంగతిలోకి వస్తాను.

వేరే దేశాల్లో పండిన నూనె నేపాల్ నూనెగా పేరు మార్చుకుని సుంకం లేకుండా మన దేశంలోకి వస్తున్న విషయం మీద ఇప్పటికి మూడు వినతిపత్రాలు పంపాను. మొదటిదానికి 'అందినది' అన్న చీటీ వచ్చింది. రెండోదాన్ని మరో కార్యాలయానికి బదిలీ చేసినట్టు కబురు వచ్చింది. ఆ మరో కార్యాలయం, ఇది తమ పరిధి కాదంటూ మొదటి చోటికే తిప్పి పంపింది. మూడోదాని జాడ లేదు. అందుకే ఈసారి కవరు అంటించకుండా నలుగురి ముందూ పెడుతున్నాను.

ముందు ఒక గెల ప్రయాణం చెబుతాను. మా తోటలో పదిహేను రోజులకోసారి కోత. చెట్టు మొదట్లో అయిదారు పండ్లు రాలి ఉంటే గెల పక్వానికి వచ్చినట్టు గుర్తు. చెట్టు ఎత్తయినదైతే పొడవాటి గొట్టం చివర కొడవలి బిగించి, మెడ నొప్పి పుట్టేలా తల పైకెత్తి, ముందు అడ్డొచ్చిన మట్టను కోసి, తర్వాత గెల కాడకు కొడవలి తగిలించి ఒక్క ఊపున లాగాలి. పాతిక కిలోల గెల కింద పడితే కాళ్ల కింద నేల అదురుతుంది. పండ్లు నాలుగు దిక్కులా చెదిరిపోతాయి. వాటిని మా ఆవిడ, ఇద్దరు కూలీలు వంగి ఒక్కొక్కటిగా ఏరి గోనెలో వేస్తారు. చేతులు నారింజ రంగుకు తిరుగుతాయి, సబ్బుకు ఒక పట్టాన పోదు. కోసిన గెల 24 గంటల్లో మిల్లు చేరాలి. ఆలస్యమైతే నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యత పోతుంది.

మిల్లు గేటు దగ్గర ట్రాక్టరు ఆగగానే తనిఖీ మొదలవుతుంది. కాడ పొడవు చూస్తారు. పచ్చి గెల ఏదైనా అడుగున దాచామేమోనని పైకెక్కి తిరగేస్తారు. తోట ఏ ఊళ్లో ఉంది, ఎవరి పేరు మీద ఉంది, మొక్క ఎప్పుడు వేశారు అని అడుగుతారు. 1993 నాటి ఆంధ్రప్రదేశ్ ఆయిల్ పామ్ చట్టం కింద ఏ మండలం గెలలు ఏ మిల్లుకు పోవాలో ప్రభుత్వం హద్దులు గీసింది. పక్క మిల్లులో తూకం బాగుందని నేను అటు తోలడానికి వీల్లేదు. ఈ హద్దుల మీద నాకు వేరే పేచీ ఉంది గాని, అది ఇంకో ఉత్తరానికి సరిపోయే సంగతి.

ఇక్కడ అడిగేది ఇదీ. నా గెల దానికి గీసిన మిల్లు హద్దు దాటకూడదు. మరి మలేషియాలోనో ఇండొనేషియాలోనో కోసిన గెల తాలూకు నూనె, కోల్‌కతా హల్దియా రేవుల్లో దిగి, మన నేల మీదుగానే నేపాల్ చేరి, అక్కడ శుద్ధి చేయించుకుని, 'నేను నేపాల్ ఆడపడుచును' అంటూ అదే సరిహద్దు దాటి పైసా సుంకం లేకుండా ఎలా వస్తోంది? నా గెలకు పుట్టుపూర్వోత్తరాలన్నీ అడిగిన ఈ దేశం, ఆ నూనెకు పుట్టిల్లు ఏదని ఎందుకు గట్టిగా అడగలేకపోతోంది?

జరిగినదేమిటో నాకు తెలిసినంత వరకు చెబుతాను. మా అమ్మాయి కామర్స్ చదివింది. గెజిట్లు వెతికి చదివి వినిపించింది తనే. తప్పులుంటే మీరు దిద్దండి.

దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం, అంటే సాఫ్టా మీద 2004 జనవరి 6న ఇస్లామాబాద్‌లో సంతకాలు జరిగాయి. 2006 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. 2011 నవంబరులో మన దేశం, వెనుకబడిన పొరుగు దేశాల విషయంలో సుంకం తగ్గించబోమని పక్కన పెట్టుకున్న 'సున్నిత జాబితా'ను 480 సరుకుల నుంచి 25కు కుదించింది. మిగిలినవి మద్యం, పొగాకు. తక్కినవన్నీ సుంకం లేకుండా రావచ్చు. పెద్ద దేశం ఆ మాత్రం ఉదారంగా ఉండాలి, దాన్ని నేను తప్పు పట్టను.

అయితే తలుపు తీసినప్పుడు గడప దగ్గర ఒక నియమం పెట్టుకున్నారు. సరుకు ఆ దేశంలోనే పుట్టినదై ఉండాలి. ముడిసరుకు బయటి నుంచి తెచ్చుకున్నదైతే, ఆ దేశంలో దానికి కనీసం ఇంత విలువ చేరాలి. సాధారణ నియమం ప్రకారం ఆ వాటా 40 శాతం. శ్రీలంకకు 35. నేపాల్, బంగ్లాదేశ్ వంటి వెనుకబడిన దేశాలకు 30. ఇప్పుడు నూనె శుద్ధి అంటే ఏమిటో ఆలోచించండి. ముడి నూనెలోని బంక, ఆమ్లం, రంగు, వాసన తీసేయడం. దానికి యంత్రాలు కావాలి, ఆవిరి కావాలి, ఒప్పుకుంటాను. కానీ నూనె విలువలో అధిక భాగం చెట్టుది, చేనుది, గానుగది. వడపోతకు ఎంత విలువ కట్టినా 30 శాతం ఎలా చేరుతుందో లెక్క చూపించమని అడగడం అత్యాశ కాదు. సోయా నూనె సంగతి మరీ విడ్డూరం. అర్జెంటీనా, బ్రెజిల్ చేలల్లో పండింది హిమాలయాల్లో పుట్టిన బిడ్డయి వస్తోంది.

ఈ వ్యాపారానికి ఊపిరి ఎక్కడుందో సుంకాల పట్టిక చూస్తే తెలుస్తుంది. 2024 సెప్టెంబరు 14న ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద మొత్తం సుంకం 27.5 శాతానికి, శుద్ధి చేసిన వాటి మీద 35.75 శాతానికి పెంచారు. మాకు మంచి జరిగింది. గెల ధర లేచింది. దాంతో పాటే సరిహద్దు అవతల శుద్ధి కర్మాగారాల గిరాకీ కూడా లేచింది. 2025 మే 30న ముడి నూనెల మీద సుంకం 16.5 శాతానికి తగ్గించి, శుద్ధి నూనె మీద మాత్రం 35.75 శాతాన్ని అలాగే ఉంచారు. మన కర్మాగారాలకు పని దొరకాలని ఆ తేడా పెట్టామన్నారు. బాగుంది. కానీ కాకినాడలో వంద రూపాయల ముడి నూనె దించుకున్న వాడు 16 రూపాయల 50 పైసలు కట్టి పొయ్యి వెలిగించాలి. నేపాల్ నుంచి శుద్ధి అయి వచ్చిన నూనె మన గడప దగ్గర సున్నా కడుతుంది. ఎంత ఎత్తు గోడ కట్టినా పక్కన దిడ్డి తలుపు తెరిచి ఉంటే గోడకు పెట్టిన ఇటుకలు దండగ.

ఇది నిన్నా మొన్నా పుట్టిన జబ్బు కాదు. శ్రీలంకతో 1998 డిసెంబరు 28న ఒప్పందం రాసుకున్నాం, 2000 మార్చి 1 నుంచి అమలైంది. కొద్ది సంవత్సరాల్లోనే దిగుమతి చేసుకున్న పామాయిల్‌తో అక్కడ వనస్పతి తయారై ఇక్కడికి పోటెత్తింది. గోల పెద్దదయ్యాక ఏడాదికి 2.5 లక్షల టన్నుల పరిమితి పెట్టారు. నేపాల్ వనస్పతికి 2002లోనే లక్ష టన్నుల పరిమితి పెట్టారు. 2020 జనవరి 8న శుద్ధి పామాయిల్ దిగుమతిని ఆంక్షల జాబితాలోకి తెచ్చారు. 2021 జూన్ చివర మళ్లీ వదిలేశారు. వరద ఊళ్లోకి వచ్చాక గట్టు వేయడం, నీరు తీయగానే ఆ గట్టు మట్టి తవ్వుకుపోవడం గోదావరి పక్కన ఉన్న మేం చూసిన పనే. ఢిల్లీలో కూడా అదే పద్ధతి అని ఇప్పుడే తెలిసింది.

తగవు తీర్చే చోటు లేదా అంటే, కాగితం మీద ఉంది. సాఫ్టా 20వ అధికరణ చదవండి. ముందు ఇరుపక్షాలూ మాట్లాడుకోవాలి. కుదరకపోతే నిపుణుల కమిటీకి వెళ్లాలి. ఆ కమిటీ 60 రోజుల్లో సిఫారసు చేయాలి. అది నచ్చని వారు మంత్రుల మండలికి అప్పీలు చేసుకోవచ్చు. ఆ మండలి ఏడాదికి ఒక్కసారైనా కూర్చోవాలని ఒప్పందంలోనే రాసుకున్నారు. కానీ ఈ ఏర్పాటుకంతటికీ తల అయిన సార్క్, అంటే దక్షిణాసియా దేశాల కూటమి, చివరి శిఖరాగ్ర సభ జరిగింది 2014 నవంబరులో, కాఠ్మాండూలో. 2016లో ఇస్లామాబాద్‌లో జరగవలసిన సభ ఆగిపోయింది, తర్వాత మళ్లీ జరగలేదు. ఆ గొడవలకు కారణాలు పెద్దవి, దేశ భద్రతకు సంబంధించినవి. వాటి మీద నేను నోరు విప్పను. కానీ పాకిస్తాన్‌తో ఉన్న తగాదా వల్ల నేపాల్ నూనె లెక్క, బంగ్లాదేశ్ గోనె లెక్క కూడా ఎందుకు మూలపడాలి?

మనసుంటే తగవులు తీరతాయనడానికి రుజువు మన దగ్గరే ఉంది. సాఫ్టా మీద సంతకాలు పెట్టిన ఆ 2004 జనవరిలోనే, తన బ్యాటరీల మీద మనం వేసిన యాంటీ డంపింగ్ సుంకం (సరుకు మరీ చవకగా తెచ్చి పోస్తున్నారని వేసే అదనపు సుంకం) అన్యాయమంటూ బంగ్లాదేశ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లింది. ఒక అతి వెనుకబడిన దేశం అక్కడ వేసిన మొదటి వ్యాజ్యం అది. ఏడాది తిరిగేసరికి 2005 జనవరిలో మనం ఆ సుంకం ఎత్తేశాం, గొడవ సద్దుమణిగింది. పొరుగింటి గోడ తగవుకు ఆ సంస్థ ఉన్న జెనీవా దాకా వెళ్లాల్సి రావడం చిన్నతనమే. అయినా అక్కడ వినే వాడున్నాడు కాబట్టి తీరింది.

ఇక దీని వల్ల మా మీద పడుతున్నది రాస్తాను.

1. గెల ధర ముడి పామాయిల్ ధరకు తాడుతో కట్టినట్టు కట్టి ఉంటుంది. 2021 ఆగస్టులో వచ్చిన జాతీయ వంటనూనెల పథకం చెప్పిన సూత్రం ప్రకారం టన్ను ముడి నూనె ధరలో 14.3 శాతం టన్ను గెలలకు దక్కాలి. అంటే ముడి నూనె టన్నుకు వెయ్యి రూపాయలు తగ్గితే నాకు టన్ను గెలల మీద 143 రూపాయలు తగ్గుతుంది. నాలుగెకరాల్లో ఏడాదికి 32 టన్నులు తీస్తే 4,576 రూపాయలు. అయిదు వేలు తగ్గితే 22,880. ఈ సొమ్ము మీ ఫైళ్లలో కనిపించదు. మా ఇంట్లో అది ఏడాది ఎరువుల ఖర్చులో పెద్ద ముక్క. వరి అయితే గిట్టనప్పుడు దాళ్వాలో మినుములో పెసలో చల్లుకుంటాం. పామాయిల్ అలా కాదు. మొక్క వేశాక నాలుగో ఏడు గాని గెల చేతికి రాదు, వచ్చాక పాతికేళ్లు అదే తోట. ఆడపిల్ల పెళ్లి చేసినంత ఆలోచించి వేస్తాం. ఒక నోటిఫికేషన్ వచ్చిందని పీకేయలేం.

2. కాకినాడ తీరంలో ముడి నూనె దించుకుని శుద్ధి చేసే కర్మాగారాలున్నాయి. వాటిని నమ్ముకుని ట్యాంకర్ డ్రైవర్లు, క్లీనర్లు, డబ్బాలు నింపే ఆడవాళ్లు, గేటు ముందు టీ బడ్డీల వాళ్లు బతుకుతున్నారు. పని తగ్గితే ముందు ఆపేది కాంట్రాక్టు కూలీనే.

3. చవకగా నూనె వస్తే జనానికి మంచిదే కదా అంటారు. సాయంత్రం బండి మీద పునుగులు వేసే ఆవిడను అడిగాను. ఫలానా నూనె సుంకం లేకుండా వచ్చింది కాబట్టి తక్కువకు ఇస్తున్నానని ఏ షాపతనూ ఆవిడతో అనలేదు. సుంకం మిగిలిన సొమ్ము సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న నాలుగు చేతుల్లో ఆగిపోతోందని నా అనుమానం. కాదని మీరు లెక్క చూపిస్తే ఈ ఒక్క మాటా వెనక్కి తీసుకుంటాను. చవక నూనె అసలు కొనేవారి దాకా చేరేటట్టయితే ఈ ఉత్తరం ఇంత ఘాటుగా రాసేవాణ్ని కాదు.

4. ముడి నూనె మీద వేసే 16.5 శాతంలో 5 శాతం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు. పేరులోనే మా పేరుంది. దొడ్డిదారిన వచ్చే ప్రతి టన్నుకూ ఆ సెస్సు గండి పడుతోంది.

5. ఆ జాతీయ పథకానికి 11,040 కోట్లు కేటాయించారు. 2025-26 నాటికి దేశంలో పది లక్షల హెక్టార్లలో పామాయిల్ ఉండాలన్నారు. మా జిల్లాలకు వచ్చి సభలు పెట్టారు, మొక్కలకు రాయితీ ఇచ్చారు. మా పక్క చేను కుర్రాడు బెంగుళూరు ఉద్యోగం మానుకుని వచ్చి, 'బాబాయ్, పామాయిల్ వేయమంటారా' అని అడుగుతున్నాడు. నెల రోజులుగా చూద్దాంలే అని తప్పించుకుంటున్నాను. అతనికి ఏం చెప్పాలో మీరు చెప్పండి.

నేపాల్ మీద నాకు కోపం ఉందనుకోకండి. మా పక్క పట్నంలో రాత్రిపూట ఈల వేసుకుంటూ కాపలా తిరిగే నేపాలీ ఒకాయన ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాడు, తెలుగు బాగా మాట్లాడతాడు. మీ ఇళ్లలో ఏం నూనె వాడతారని అడిగితే 'తోరీ' అన్నాడు, అంటే ఆవాలు. పామాయిల్ చెట్టు చూశావా అంటే, మీ ఊరు వచ్చాకే చూశానని నవ్వాడు. ఆ తోరీ నూనె ఎన్ని ట్యాంకర్లు వచ్చినా సుంకం లేకుండా రానివ్వండి. నా మొదటి ఓటు దానికే. వాళ్ల టీ, అల్లం, యాలకులు రానివ్వండి. అక్కడి రైతు పండించినదానికి ఇక్కడ ఆంక్షలు పెట్టి, అక్కడ ఎవరూ పండించనిదానికి ఎర్ర తివాచీ పరిస్తే అది స్నేహం కాదు.

మన వైపు తప్పులు లేవా అంటే ఉన్నాయి. అవి దాచి ఉత్తరం రాస్తే మీరు నవ్వుతారు. బంగ్లాదేశ్, నేపాల్‌ల నుంచి వచ్చే జనపనార నూలు, గుడ్డ, గోనె సంచుల మీద 2017 జనవరిలో మనం యాంటీ డంపింగ్ సుంకం వేశాం. 2022 చివర మరో అయిదేళ్లకు పొడిగించాం. 2025 జూన్ చివర బంగ్లాదేశ్ జనపనార సరుకులు కొన్ని భూమార్గంలో రాకూడదని, ముంబై పక్కన నవా షేవా రేవుకే రావాలని ఆదేశించాం. బెంగాల్ సరిహద్దు పక్కనున్న సరుకు అరేబియా సముద్రం చుట్టి రావాలట.

గోనె మాటెత్తితే మా డెల్టాలో ప్రతి రైతుకూ ఒక కథ ఉంటుంది. మొన్న దాళ్వా కోతలప్పుడు నా ధాన్యం రోడ్డు మీద పదకొండు రోజులు రాశి పోసి ఉంది. మబ్బు పట్టినప్పుడల్లా పరుగెత్తి పట్టా కప్పడం, ఎండ రాగానే తీసి ఆరబెట్టడం. కొనుగోలు కేంద్రంలో సంచులు లేవు. చివరికి ఇచ్చిన సంచుల్లో సగం చిరుగులవే. మా అమ్మ, ఎనభయ్యేళ్ల మనిషి, దబ్బనం పురికొస పట్టుకుని రాశి పక్కన కూర్చుని ఒక్కొక్కటీ కుట్టింది. ఈ కొరతకు ఆ సుంకమే కారణమని నేను చెప్పను. సంచుల లెక్క చూసే వారి నిర్వాకం కూడా అందులో ఉంది. ఉత్తరాంధ్రలోనూ ఏలూరులోనూ జనపనార మిల్లుల మీద బతికిన కుటుంబాలున్నాయి, వాళ్లకూ రక్షణ కావాలి. కానీ తిండి గింజలు గోనెలోనే నింపాలని 1987 నాటి చట్టం చెబుతున్నప్పుడు, ఆ గోనె ఎక్కడి నుంచి ఎంతకు వస్తుందన్నది మిల్లుల గొడవ మాత్రమే కాదు, కళ్లంలో కూర్చున్న వాడిది కూడా. ఆ సుంకం పొడిగించే ముందు ధాన్యం రైతును ఒక్కరైనా అడిగారా?

చూశారు కదా, నూనె తగవులో నేను ఒక వైపు ఉన్నాను, గోనె తగవులో ఇంచుమించు అవతలి వైపు. కాలువ గట్టు మీద ఉన్న వాడి స్థితి అది. అందుకే నేను అడిగేది మూసేయమని కాదు, తేల్చమని.

మా కోరికలు ఇవి.

1. 2020 సెప్టెంబరు 21 నుంచి అమలులో ఉన్న కస్టమ్స్ మూల నిబంధనలు, అంతకు ముందు కస్టమ్స్ చట్టంలో చేర్చిన 28డీఏ సెక్షన్ మీకు కావలసిన అధికారమంతా ఇచ్చాయి. సరుకు ఎక్కడ ఎలా తయారైందో రుజువులు దిగుమతిదారు దగ్గర ఉండాలి, అనుమానం వస్తే అడగవచ్చు, రాయితీ ఆపవచ్చు. 2025 మార్చిలో మూల 'ధ్రువపత్రం' అన్న మాట తీసి మూల 'రుజువు' అని మార్చారు కూడా. మాట మారింది. ఇప్పుడు నేపాల్ శుద్ధి నూనె విషయంలో ఎన్ని రుజువులు అడిగారో, ఎన్ని నిలిచాయో, ఎన్నింటికి రాయితీ ఆపారో మూడు నెలలకోసారి బయటపెట్టండి. మా గెల తూకం చీటీ మీద ఇంతకంటే ఎక్కువ వివరాలుంటాయి.

2. 20వ అధికరణ కింద ఈ తగవును లాంఛనంగా లేవనెత్తండి. నిపుణుల కమిటీ కూర్చోదంటే, మన వాణిజ్య కార్యదర్శి, నేపాల్ వాణిజ్య కార్యదర్శి ఎదురెదురుగా కూర్చునే ద్వైపాక్షిక కమిటీ ఎలాగూ ఉంది. అక్కడ దీన్ని మొదటి అంశంగా పెట్టండి, ఆఖరున టీ తాగే వేళకు కాదు.

3. నిషేధం వద్దు. 2002లో వనస్పతికి చేసినట్టు ఏడాదికింత అని పరిమితి పెట్టండి. అక్కడే పండిన గింజల నూనెకు ఆ పరిమితి వర్తించకూడదు. పరిమితి పెడితే ముడి నూనె సుంకం మార్చిన ప్రతిసారీ దాన్ని కూడా తిరిగి చూడాలని అందులోనే రాయండి.

4. జనపనార సుంకం మీద బంగ్లాదేశ్, నేపాల్ చెప్పేది కూడా అదే బల్ల మీద వినండి. ఆ విచారణకు మిల్లు యజమానులను, కార్మికులను పిలిచినట్టే వరి పండించే జిల్లాల నుంచి రైతులను పిలవండి.

5. 2026 నవంబరు 24న నేపాల్, బంగ్లాదేశ్ అతి వెనుకబడిన దేశాల జాబితా నుంచి బయటికి రావలసి ఉంది. ఆ రోజు తర్వాత వాళ్ల సరుకుకు 30 శాతం నియమమా, 40 శాతం నియమమా? సున్నా సుంకం ఉంటుందా, పోతుందా? ఇది తేల్చకుండా ఆ తేదీ దాటనిస్తే మరో పాతికేళ్ల తగవుకు కొత్త ఖాతా తెరిచినట్టే.

6. ఇటువంటి మార్పులు చేసే ముందు ఒక్క బహిరంగ విచారణ తాడేపల్లిగూడెంలోనో కాకినాడలోనో పెట్టండి. కాగితాలు తెలుగులో ఇవ్వండి. ఢిల్లీకి రైలు టిక్కెట్టు కొనుక్కుని వచ్చి ఇంగ్లిషులో మాట్లాడగలిగే రైతులు మాలో చాలా తక్కువ మంది.

పార్లమెంటు సభ్యులకు ప్రత్యేకంగా ఒక మాట. మొదటి కోరికలో అడిగిన లెక్కలు సభలో ఒక ప్రశ్న వేస్తే బయటికి వస్తాయి. లిఖితపూర్వక జవాబు చాలు. ఆ ప్రశ్న ఎలా రాయాలో తెలియకపోతే మా అమ్మాయి రాసి ఇస్తుంది.

వచ్చే గురువారం మా తోటలో కోత ఉంది. ఆ తర్వాత పదిహేను రోజులకు మరొకటి. జవాబు పంపేటట్టయితే తెలుగులో పంపినా ఇంగ్లిషులో పంపినా ఫర్వాలేదు, 'అందినది' అన్న చీటీ మాత్రం వద్దు. అది ఇంతకు ముందే ఒకటి వచ్చింది.

ఇట్లు,
ఏలూరు కాలువ గట్టు మీది
ఒక వరి, పామాయిల్ రైతు